అంగుళం దగ్గర తగవు

అపరాధ పరిశోధన నవలలు చదివే అలవాటున్న వారికి ఈ ఘట్టం కొత్తకాదు. చీకటి గది. తలుపు కిర్రుమంటుంది. పరిశోధకుడు చటుక్కున కోటు జేబులోంచి రివాల్వరు తీసి, "కదిలావో, కాల్చేస్తాను!" అంటాడు. దుండగుడు చేతులెత్తుతాడు. తరువాయి వచ్చే వారం. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ కాలం నుంచీ మన పాఠకులకు రివాల్వరుతో ఈమాత్రం పరిచయం వుంది. కాని ఆ రివాల్వరు గొట్టం పొడుగెంతో ఏ రచయితా చెప్పడు. జేబులో అది ఎలా పట్టిందో, తీసేటప్పుడు జేబు గుడ్డకు ఎందుకు చిక్కుకోలేదో మనమూ అడగం.

అమెరికావాళ్ళు అడుగుతారు. అడగడమే కాదు, ఆ సంగతి మీద తరాల తరబడి తగవులాడుకుంటున్నారు. బట్టల చాటున దాచుకు తిరిగే చిన్న రివాల్వరుకు గొట్టం రెండంగుళాలు వుండాలా, మూడంగుళాలు వుండాలా? తేడా ఒక్క అంగుళం. మన బొటనవేలి కణుపంత. దానికింత రభసేమిటని మీరనవచ్చు. ఇంతకీ ఆ అంగుళంలో ఏముందో చూద్దాం. చూసిన తరువాత, అది తుపాకులకు మాత్రమే సంబంధించిన తగవు కాదని మీకే తోస్తుంది.

మనకెందుకీ గొడవ అంటారా? ఇవాళ అమెరికాలో తెలుగువాళ్ళు లక్షల్లో వున్నారు. ఇంటి పక్కవాడి దగ్గర తుపాకి వుంది, తోటి ఉద్యోగి దగ్గర వుంది. దుకాణం నడుపుకునే బావమరిది తనూ ఒకటి కొనుక్కుంటే మంచిదేమో నంటున్నాడు. ఇక్కడ మన దేశంలోనూ, ఆడవాళ్ళ రక్షణ కోసమని చెప్పి 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం ఒక చిన్న రివాల్వరును అంగట్లోకి దింపింది. కాబట్టి తెలుసుకుని వుండటంలో తప్పులేదు.

ముందు కాస్త పూర్వకథ. జేబు రివాల్వరు ఇవాళ్టిది కాదు. 1872లో ఇంగ్లండులో వెబ్లీ వారు "బుల్ డాగ్" అనే పొట్టి రివాల్వరు తెచ్చారు. దాని గొట్టం రెండున్నర అంగుళాలు. పిట్ట కొంచెం, కూత ఘనం. ఆ రకం రివాల్వరుతోనే 1881 జూలై 2న వాషింగ్టను రైల్వే స్టేషనులో గిటో అనేవాడు అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును కాల్చాడు. అధ్యక్షుడు రెండున్నర నెలలు బాధపడి సెప్టెంబరు 19న కన్నుమూశాడు. దాచుకోవడానికి వీలైన ఆయుధం మంచివాడి జేబులో ఎంత చక్కగా ఇముడుతుందో, చెడ్డవాడి జేబులోనూ అంత చక్కగానూ ఇముడుతుంది. దానికి తరతమభేదం లేదు.

1920ల్లో కోల్టు కంపెనీలో ఫిట్జ్‌జెరాల్డు అనే ఉద్యోగి వుండేవాడు. ఆయన పెద్ద రివాల్వర్లను తీసుకుని, గొట్టాన్ని రెండంగుళాలకు కోసి, జేబుకు తగులుకునే సుత్తి కొనను అరగదీసి, మీట చుట్టూ వుండే కమ్మీలో ముందు భాగాన్ని తీసివేసి ఇచ్చేవాడు. ఇదేదో బాగానే వుందనుకున్నారు కాబోలు, 1927లో కోల్టు వారే రెండంగుళాల గొట్టంతో "డిటెక్టివ్ స్పెషల్" అనే రివాల్వరును తయారుచేశారు. ఆరు తూటాలు పట్టేది. మామూలు బట్టల్లో తిరిగే పోలీసులకు అది ప్రాణమైపోయింది.

పోటీదారు స్మిత్ అండ్ వెస్సన్ వారు ఊరుకుంటారా? 1950లో అంతకన్నా సన్నని చట్రంతో, అయిదే తూటాలు పట్టే రివాల్వరు తెచ్చారు. కొలరాడో రాష్ట్రంలో పోలీసు అధిపతుల మహాసభ జరుగుతుంటే అక్కడ దాన్ని చూపించి, పేరు మీరే పెట్టండన్నారు. వాళ్ళు తమ పేరే పెట్టుకున్నారు: "చీఫ్స్ స్పెషల్". 1957 నుంచి దానికి 36వ నెంబరు వచ్చింది. 1952లో సుత్తి పూర్తిగా లోపల దాగి వుండే రకం, 1955లో సుత్తికి రెండు పక్కలా గోడ కట్టిన రకం, 1965లో తుప్పు పట్టని ఉక్కుతో చేసిన 60వ నెంబరు వచ్చాయి. ఈ మార్పులన్నీ జేబు కోసమే: గుడ్డకు చిక్కుకోకూడదు, చెమటకు తుప్పు పట్టకూడదు.

1963 నవంబరు 24న డల్లాస్ పోలీసు కార్యాలయం నేలమాళిగలో, చుట్టూ పోలీసులు వుండగానే, జాక్ రూబీ ముందుకు దూకి ఆస్వాల్డును కాల్చింది కూడా ఈ జాతి రివాల్వరుతోనే. అది అల్యూమినియం చట్రంతో కోల్టు వారు చేసిన "కోబ్రా". తూటా పేలేదాకా అతని దగ్గర ఆయుధం వుందని ఎవరూ పసిగట్టలేదు.

ఇక తగవులోకి వద్దాం. రెండంగుళాలంటున్నాం గాని, స్మిత్ అండ్ వెస్సన్ వారి పొట్టి గొట్టం నిజానికి 1.875 అంగుళాలు. రెండనేది వాడుక మాట. ఈ కొలత గొట్టానిది మాత్రమే, తూటాలు పట్టే సిలిండరును ఇందులో కలపరు. పిస్తోలుకు అలా కాదు. అక్కడ తూటా కూచునే గది కూడా గొట్టం లెక్కలోకే వస్తుంది. అందుచేత రెండంగుళాల రివాల్వరునూ, మూడంగుళాల పిస్తోలునూ అంకెలు చూసి పోల్చకూడదు.

పొట్టి గొట్టం పక్షంవారి వాదన ఇది. దాచుకోవడానికి కొన్నది దాగాలి. ప్యాంటు జేబులో పొట్టిది పడుతుంది. మూడంగుళాలది అడ్డంపడుతుంది, లేదా పిడి పైకి తొంగిచూస్తుంది. పొట్టిది బయటికి త్వరగా వస్తుంది, తీయవలసిన పొడుగే తక్కువ గనక. కారులో కూచున్నప్పుడు తొడకు గుచ్చుకోదు. ఎవడైనా మీదపడి పెనుగులాడితే, వాడు పట్టుకుని మెలితిప్పడానికి గొట్టం దొరకదు. వీటన్నిటికన్నా పెద్ద సంగతి, బరువు. అల్యూమినియం చట్రంతో వచ్చే 642వ నెంబరు రివాల్వరు సుమారు 408 గ్రాములు. అరకిలో పంచదార పొట్లం కన్నా తక్కువ. బరువైనది మొదటి నెల మోజుగా మోస్తారు, రెండో నెల బీరువాలో పెడతారు. అవసరం వచ్చిన రోజున బీరువాలో వున్న పెద్ద తుపాకి కంటే జేబులో వున్న చిన్నదే మేలు కదా అని వీరి ప్రశ్న.

మూడంగుళాల పక్షంవారు దీనికి నాలుగు జవాబులు చెబుతారు.

మొదటిది గురి. గొట్టం పొడుగైతే తుపాకి తనంతట తాను ఎక్కువ గురిగా కాలుస్తుందని చాలామంది అనుకుంటారు. అది భ్రమ. బల్లకు బిగించి కాలిస్తే పొట్టిది కూడా దాదాపు అంత చక్కగానూ కొడుతుంది. తేడా చూసే కంటిది. వెనక గాడికీ ముందు ముల్లుకూ మధ్య దూరం ఎంత తక్కువైతే, మన పొరపాటు అంత పెద్దదవుతుంది. చిన్న లెక్క వేయండి. ఆ దూరం 100 మిల్లీమీటర్లనుకుందాం. చెయ్యి వణికి ముల్లు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 7 మీటర్ల అవతల దెబ్బ 70 మిల్లీమీటర్లు తప్పుతుంది. మరో అంగుళం కలిపితే ఆ దూరం సుమారు 125 అవుతుంది. అదే వణుకుకు తప్పేది 56 మిల్లీమీటర్లే. భయంతో వణికే చేతికి ఒక్క మిల్లీమీటరు ఒక లెక్కా? ముల్లు మూడు మిల్లీమీటర్లు జరిగితే దెబ్బ దాదాపు జానెడు పక్కకు పోతుంది. తప్పిన గుండు గాలిలో కలిసిపోదు. వెనక ఎవరున్నారో వారిని వెతుక్కుంటుంది.

రెండోది వేగం. మందు కాలి పుట్టిన వాయువు గుండును గొట్టం చివరిదాకా నెడుతూ వుంటుంది. గొట్టం తగ్గితే ఆ నెట్టుడూ తగ్గుతుంది. 38 స్పెషల్ తూటాలో అంగుళానికి సెకనుకు 25 నుంచి 50 అడుగుల దాకా వేగం పోతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. కాలని మందు గొట్టం బయట మండి, రాత్రివేళ కళ్ళు బైర్లు కమ్మిస్తుంది. అయితే ఈ వాదన ఇదివరకటంత గట్టిది కాదు. పొట్టి గొట్టాల కోసమే ప్రత్యేకంగా తూటాలు వస్తున్నాయి.

మూడోది, పాఠకులు ఊహించనిది. రివాల్వరులో తూటాలు పేలాక ఖాళీ గుల్లలు సిలిండరులోనే వుంటాయి. వేడికి ఉబ్బి పట్టుకుంటాయి. సిలిండరును పక్కకు తెరిచి, గొట్టం కింద వుండే ఒక కడ్డీని నొక్కితే అవి బయటికి రావాలి. గొట్టం పొట్టిదైతే దాని కింద వుండే కడ్డీ కూడా పొట్టిదే. గుల్లలను సగం దాకా నెట్టి ఆగిపోతుంది. మిగిలింది గోళ్ళతో పీక్కోవాలి. మూడంగుళాల గొట్టం కింద నిండు కడ్డీ పడుతుంది గనక గుల్లలు ఒక్క దెబ్బతో రాలిపోతాయి. వున్నవే అయిదు తూటాలైనప్పుడు ఇది చిన్న సంగతి కాదు.

నాలుగోది వెనక్కి తన్నడం. 60వ నెంబరు ఉక్కు రివాల్వరు మూడంగుళాల గొట్టంతో సుమారు 650 గ్రాములు వుంటుంది. ఒకే తూటాను 408 గ్రాముల దానిలో కాలిస్తే, అది ఒకటిన్నర రెట్ల వేగంతో అరచేతి మీదకు వస్తుంది. న్యూటను గారి సూత్రానికి జాలి లేదు. మూతి దగ్గర కాస్త బరువుంటే గొట్టం ఎగిరిపడటం కూడా తగ్గుతుంది, రెండో గుండుకు గురి త్వరగా కుదురుతుంది.

అయితే దాచడం మాటేమిటి అంటే, మూడంగుళాలవారు ఇంకో ముక్క చెబుతారు. నడుము దగ్గర, ప్యాంటు లోపల ఒరలో పెట్టుకునేవాడికి గొట్టం ఎలాగూ బట్టల కిందికి దిగిపోతుంది. చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపించేది గొట్టం కాదు. పిడీ, సిలిండరూను. పైగా గొట్టం కాస్త పొడుగుంటే ఒరలో నిలకడగా కూచుంటుంది, పిడి బరువుకు పైకి తిరగబడదు. ఇది నిజమే. అందుచేత ఈ తగవులో సగం, ఎక్కడ పెట్టుకుంటావనే ప్రశ్నకు జవాబు చెప్పగానే తీరిపోతుంది. జేబులోనైతే పొట్టిది, నడుముకైతే పొడుగుది.

మిగిలిన సగమే అసలైనది. పెట్టుకునేవాడెవడు?

దుకాణంలో జరిగేది చూడండి. తుపాకి ఎన్నడూ పట్టనివారు వస్తారు. ఆడవారైతే మరీను, అమ్మేవాడు వెతుక్కోకుండా అన్నిటికన్నా చిన్నదీ, తేలికదీ తీసి చేతిలో పెడతాడు. చూడటానికి ముద్దుగా, బొమ్మలా వుంటుంది. చిన్న చేతికి చిన్న తుపాకి, ఇంతకన్నా న్యాయమేముంది అనిపిస్తుంది. కాని పైన చెప్పిన నాలుగు సంగతులూ కలిపి చూడండి. గురి చూడటం కష్టం. వెనక్కి తన్నడం ఎక్కువ. పిడి రెండు వేళ్ళకే సరిపోతుంది. మీట నొక్కితే ఒకేసారి సిలిండరు తిరగాలి, సుత్తి లేవాలి, అందుకు సుమారు 12 పౌండ్ల బలం కావాలి. తుపాకి బరువు ఒక పౌండు కన్నా తక్కువ! తన బరువుకు పన్నెండింతల బలంతో లాగుతున్న వేలు, తుపాకిని గురి నుంచి కదపకుండా వుంటుందా? కదపకుండా లాగడం నేర్చుకోవాలంటే నెలలు పడుతుంది. ఆ చిన్నది మొదటి రోజునే అరచేతిని ఎర్రగా చేస్తుంది గనక, కొన్నవారు రెండో రోజు సాధనకు వెళ్ళరు. అందుకే చెయ్యి తిరిగిన వారంతా ఒకమాటగా చెప్పేది: పొట్టి రివాల్వరు పండితుల పనిముట్టు, అమ్మేది మాత్రం ఓనమాలు రానివారికి.

మన కాన్పూరు రివాల్వరు పేరు "నిర్భీక్". 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత, నిర్భయ పేరును తలపించేలా ఆ పేరు పెట్టారు. 32 తూటాలు ఆరు పడతాయి, బరువు సుమారు 500 గ్రాములు. ఆడవారి సంచిలో ఇమిడేలా చేశామన్నారు. అప్పట్లో ధర లక్షా ఇరవై వేల రూపాయల పైచిలుకు. 32 తూటా 38 కన్నా నెమ్మదైనది గనక చేతికి నొప్పి తక్కువ. అంతవరకు మంచిదే. కాని సంచి అడుగున, దువ్వెనకూ తాళాలగుత్తికీ కింద వున్న రివాల్వరు ఎన్ని క్షణాల్లో చేతికి వస్తుంది? సాధన చేయడానికి మన ఊళ్ళలో చోటెక్కడ? 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తెచ్చుకోవడం ఒక యజ్ఞం, ఆ తరువాత చెయ్యి తిప్పుకోవడం మరో యజ్ఞం. బరువు తగ్గించినంత మాత్రాన ధైర్యం పెరగదు.

అమెరికాలో వున్న మనవారికి మరో ముఖ్యమైన మాట. అక్కడ బట్టల చాటున ఆయుధం తీసుకెళ్ళే నియమాలు రాష్ట్రానికొక రకం. వెర్మాంటులో అనుమతి అడగనే అడగరు. న్యూయార్కులో 1911 నుంచీ కట్టడి వుంది. ప్రత్యేక కారణం చూపితేనే అనుమతి అనే దాని నిబంధనను 2022లో సుప్రీంకోర్టు కొట్టివేసింది గాని, లైసెన్సు అవసరం అలాగే వుంది. వీటన్నిటికీ మించి, చదువు కోసమో, ఉద్యోగం కోసమో తాత్కాలిక వీసా మీద వెళ్ళినవారు తుపాకి కలిగి వుండటాన్ని అక్కడి కేంద్ర చట్టమే నిషేధించింది. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డు వున్నవారి సంగతి వేరు. స్నేహితుడు సరదాగా ఇచ్చాడు కదా అని వీసా మీదున్న కుర్రవాడు పెట్టెలో దాచుకుంటే, అది కోరి కొరివితో తల గోక్కోవడమే.

ఇక ఈ తగవులో ఇరుపక్షాలవారూ అంతగా ఎత్తని సంగతి ఒకటుంది. 2021లో అమెరికాలో తుపాకి దెబ్బకు 48,830 మంది చనిపోయారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖ లెక్క. అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవారు. అంటే సగానికి పైగా. చీకటి సందులో ఎదురయ్యే దొంగ కోసమని కొన్న ఆయుధం, ఇంట్లో ఎవరికో మనసు విరిగిన రాత్రి అందుబాటులో వుండటం ఎంత ప్రమాదమో ఆ అంకె చెబుతుంది. అక్కడ గొట్టం రెండంగుళాలైనా ఒకటే, మూడంగుళాలైనా ఒకటే. జేబులో సులువుగా ఇమిడేది పసివాడి చేతిలోనూ ఇముడుతుందన్న సంగతి కూడా మరవకూడదు.

మరి ఏమంటారు, కొనవద్దంటారా అని అడిగితే, నేను అంత మాట అనను. ఎవరి భయం వారిది, ఎవరి ఊరు వారిది. చట్టం ఒప్పుకుని, ఇంట్లో అందరూ ఒప్పుకుని, కొనక తప్పదనుకున్నవారు ఈ వరస పాటిస్తే చాలు. ముందు అంగడికి కాదు, సాధన చేయించే చోటుకు వెళ్ళాలి. అద్దెకు రెండు రకాలూ తీసుకుని, 7 మీటర్ల దూరాన విస్తరాకంత కాగితం పెట్టి, ఒక్కొక్కదానితో అయిదేసి గుళ్ళు కాల్చాలి. ఏదానితో అయిదూ కాగితం మీద పడితే అది మీది. అందంగా వుందనీ, తేలికగా వుందనీ, మరొకరు చెప్పారనీ కాదు. జేబులో పెట్టుకునేట్టయితే మీటను పూర్తిగా కప్పే ఒర వుండాలి, ఆ జేబులో మరేమీ పెట్టకూడదు. ఇంట్లో వున్నంతసేపూ తాళం పడాలి. తాళంచెవి ఒక్కరి దగ్గరే వుండాలి. ఇంట్లో ఎవరైనా దిగులుగా వున్నారనిపిస్తే, ఆ పూటే దాన్ని ఇల్లు దాటించాలి. నెలకొకసారైనా సాధనకు పోలేనివారు ఆ డబ్బుతో మంచి తలుపూ, గట్టి గొళ్ళెమూ, వీధి దీపమూ పెట్టించుకోవడం మేలు.

అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదు. మోయడానికి సులువైనది వాడటానికి కష్టం, వాడటానికి సులువైనది మోయడానికి బరువు. మధ్యనున్న ఆ అంగుళాన్ని ఏ కంపెనీవాడూ మనకు ఉచితంగా ఇవ్వడు. గొట్టంలో తగ్గించుకున్నదాన్ని సాధనలో పూడ్చుకోవలసిందే. పూడ్చుకోలేనివాడి జేబులో పొట్టి రివాల్వరు వున్నా, అది వాడికి ధైర్యం కాదు, బరువే.